లోపల వదిలిన రెండు వేళ్ల గుడ్డ

వరంగల్, కరీమాబాద్
జూలై మొదటి ఆదివారం

ప్రియమైన శోభా,

చర్చి నుంచి ఇప్పుడే వచ్చి, చీర కూడా మార్చకుండా రాయడానికి కూర్చున్నాను. చీర మారిస్తే నడుం వాల్చాలనిపిస్తుంది, నడుం వాలిస్తే నిద్ర పడుతుంది, రేపు పొద్దున మా మరిది విన్సెంట్ కేసముద్రంలో డ్యూటీకి దిగేసరికి సంచిలో నా ఉత్తరం ఉండదు. అప్పుడు నువ్వు ఆ అమాయకుడిని ప్లాట్‌ఫారం మీదే దులిపేస్తావు. పట్టాల పని చేసేవాడు మన ఉత్తరాలు కూడా మోస్తున్నాడని తెలిస్తే రైల్వేవాళ్లు ఏమంటారో!

"ఫోన్ చేస్తె అయిపోయేదానికి గీ కాగితాలేందే?" అంటాడు దానియేలు. మా ఆయనకేం తెలుసు? మీ ఇంట్లో ఫోను మోగితే ముందు ఎత్తేది మీ అత్త కట్టమ్మ. స్పీకర్ పెట్టి వాడంతటికీ వినిపించి, చివర్లో "శోభా, నీకే ఫోను" అంటుంది. అయినా డోర్నకల్ కుట్టు స్కూల్లో పక్కపక్క మంచాల మీద పడుకుని కూడా చీటీలు రాసుకున్నవాళ్లం మనం. ఇప్పుడు మానమంటే ఎట్లా?

ఇక అసలు సంగతి. నన్ను లైన్ ఇన్‌చార్జిని చేశారు. నవ్వకు. ఫ్యాక్టరీలో ఒక వరుస మిషన్లన్నీ ఇప్పుడు నా మాట మీద నడుస్తాయి. మేం కుట్టేది చిన్నపిల్లల గౌన్లు. అవి ఓడెక్కి, మనం పేరు కూడా సరిగ్గా పలకలేని ఊళ్లకు పోతాయి. తొర్రూరు వైపు నుంచి కంపెనీ బస్సులో వచ్చే అమ్మాయి ఒకతె మొదటి జీతంతో వాళ్లమ్మకు కళ్లద్దాలు కొనిచ్చింది. "సూదిల దారం తనే ఎక్కిచ్చుకుంటాందని మా అమ్మ వాడంత చెప్పుకుంట తిరుగుతాందక్కా" అని ఆ పిల్ల చెబుతుంటే నేను టార్గెట్ మరిచిపోయి అట్లాగే నిలబడ్డాను. మా ప్రీతికి నర్సింగ్ రెండో ఏడు. ఈసారి ఫీజు కోసం ఎవరి గడపా తొక్కలేదు.

దేవునికి స్తోత్రం చెప్పుకున్నాక నాకు గుర్తొచ్చేది నువ్వే. దానియేలు కాలు విరిగి మంచాన పడిన ఏడాది నీ రెండో మిషన్‌ను నేను అడగకుండానే రైలెక్కించి పంపావు. నెలల తరబడి దాని మీద జాకెట్లు కుట్టి ఇల్లు నడిపాను. ఆ చేయి తిరగడం వల్లే ఫ్యాక్టరీ తెరిచిన కొత్తలో పెట్టిన పరీక్షలో నెగ్గాను. నువ్వు మరిచిపోతావు, నేను మరిచిపోను.

నీ కోసం కూడా అడిగాను. నీకు షాపు ఉంది, అవసరం లేదని తెలుసు, ఊరికే అడిగాను. మొదట్లో పని తెలిసినవాళ్లు కావాలని వయసు చూడకుండా తీసుకున్నారు కానీ, ఇప్పుడు ముప్పై అయిదు దాటినవాళ్లను గేటు దగ్గరే తిప్పి పంపుతున్నారు. వాళ్లకు లేత చేతులు కావాలట. ఇరవై అయిదేళ్లు మిషన్ మీద కుట్టిన చేతులకు ఏమైందో నాకు అర్థం కాదు.

మీ ఆయన సుదర్శన్ అన్నకు నడుం నొప్పి తగ్గిందా? షాపు ఎట్లా ఉందో రాయి.

నీ కొత్త ఇన్‌చార్జి,
విమల


కేసముద్రం
జూలై చివర

ప్రియమైన ఇన్‌చార్జి విమలమ్మ మేడం గారికి,

కేసముద్రం నుంచి ఒక మామూలు టైలర్ వంగి వంగి దండం పెట్టి రాసుకున్నది. నీ ఉత్తరం చదివి ఒక్కదాన్నే చాలాసేపు నవ్వుకున్నాను. స్కూల్లో లేటుగా లేచి నా వెనక దాక్కుని క్లాసులోకి వచ్చిన పిల్ల ఇవాళ లైనంతా నడిపిస్తున్నదా! నిజంగా చెబుతున్నాను విమలా, కడుపు నిండింది. ప్రీతికి నా ముద్దులు. మంచి నర్సమ్మ అయ్యి వస్తే ముందు మా అత్తమ్మకు సూది వెయ్యమను.

ఆ మిషన్ సంగతి మళ్లీ ఎత్తకు. నా దగ్గర ఉంటే మూలన పడి ఉండేది, నీ దగ్గర అన్నం పెట్టింది.

షాపు సంగతి అడిగావు. షాపు దాని చోట అది ఉంది. నేను మిషన్ తొక్కడం మానలేదు, అన్నం తినడం మానలేదు. ఫికర్ చేయకు.

మీ అన్న నడుం అట్లాగే ఉంది. అయినా మార్కెట్ యార్డుకు పోతూనే ఉన్నాడు. పోయిన సీజన్లో పత్తి ధర పడిపోయినప్పటి నుంచి అక్కడ రైతుల మొహాలు చూడలేకపోతున్నానంటాడు. ఎక్కడో వేరే దేశంలో పత్తి విరగపండిందట, అందుకని ఇక్కడ ధర దిగిందట. అత్తమ్మకు ఇది అస్సలు మింగుడు పడలేదు. పక్కింటి పిల్ల భూగోళం పుస్తకం తెప్పించి, ఆ దేశం ఎక్కడుందో చూపించమంది. చూపిస్తే కాసేపు చూసి, "మనకు గాల్ల దేశం కనవడ్తాంది. మరి గాల్లకు మన కేసముద్రం కనవడ్తదా?" అని అడిగింది. ఏం చెప్పాలో నువ్వే రాయి.

ఇంకొక సంగతి. యార్డు పక్కన సారంగపాణి పాత పత్తి గోదాము ఉండేది కదా, దాన్ని కుట్టు షెడ్డు చేశాడు. మీ కంపెనీ గౌన్లే అక్కడా కుడుతున్నారు. మన రాజక్క లాంటి, మీ గేటు దాటలేని వయసు ఆడవాళ్లంతా అక్కడ చేరారు. ఒకరికొకరు తోడు, మిషన్ల చప్పుడులో కూడా ముచ్చట్లు ఆగవు. పని దొరికిందని అందరూ సంతోషంగానే ఉన్నారు. కానీ ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. అదే గుడ్డ, అదే గౌను. మీ దగ్గర కుట్టే అమ్మాయికి జ్వరం వస్తే ఈఎస్ఐ దవాఖాన ఉంది. ఇక్కడ రాజక్కకు జ్వరం వస్తే ఆ రోజు కూలి పోయినట్టే, మందుల ఖర్చు అదనం. కొనేవాళ్లకు ఈ తేడా గౌను మీద ఎక్కడైనా కనిపిస్తుందా? నిన్ను అనడం లేదే, మనసులో ఉన్నది రాశాను.

విన్సెంట్ సంచిలో వంకాయలు పెట్టాను. లెక్క తక్కువుంటే వాడిని అడుగు.

నీ శోభారాణి


వరంగల్
సెప్టెంబర్, బుధవారం

ప్రియమైన శోభా,

ఈసారి ఆదివారం దాకా ఆగలేకపోయాను.

మీ ఊరి షెడ్డు నుంచి గౌన్ల లాట్ వచ్చింది. చూసి సరే అనాల్సింది నేనే. పైనుంచి చూస్తే ముచ్చటేసింది. తర్వాత తిరగేశాను. పక్క కుట్ల లోపల రెండేసి వేళ్ల గుడ్డ వదిలి ఉంది. కింద అంచు బెత్తెడు మడిచి ఉంది. ఒకటి రెండు కాదు, అన్నీ అంతే. విదేశంలో మా దగ్గర కొనే కంపెనీని మేం బయ్యర్ అంటాం. ఆ బయ్యర్ చెప్పిన కొలత చిటికెన వేలి వెడల్పు కన్నా తక్కువ. అంతకు మించితే కుట్టు ఉబ్బుగా ఉండి పిల్లకు ఒరుసుకుంటుందట. కొలత తప్పితే మొత్తం లాట్ తప్పినట్టే.

మేనేజర్ సారు మండిపడుతున్నాడు. "గీ షెడ్లతోని నాకు పరేషాన్ అయితాంది. రిజెక్ట్ రాసి శనివారం లోపల సంతకం పెట్టున్రి విమలమ్మా. గా పని వేరే రాష్ట్రంల యూనిట్‌కు ఇచ్చేద్దం" అన్నాడు. నేను సంతకం పెడితే మీ షెడ్డు మూతబడుతుంది. పెట్టకపోతే లాట్ సముద్రం దాటి అక్కడి నుంచి తిరిగొస్తుంది, ముందు నా ఉద్యోగం పోతుంది.

ఆ గౌను ఇంటికి తెచ్చుకుని చూశాను. పిల్ల పెరుగుతుందని లోపల గుడ్డ వదిలి, ఆ గుడ్డ చివర పోగులు లేవకుండా చేత్తో మళ్లీ కుట్టే మనుషులు నాకు తెలిసి ఇద్దరే ఉన్నారు. డోర్నకల్‌లో మన టీచరమ్మ దగ్గర దెబ్బలు తిని నేర్చుకున్న పని అది. ఆ ఇద్దరిలో ఒకతెను నేను. నేను ఆ షెడ్డులో లేను.

విన్సెంట్‌ను అడిగాను. "నన్నేం అడగకు వదినా, నేను పట్టాలు తప్ప ఏం సూడను" అన్నాడు. అంటే వాడికి తెలుసు. నువ్వు రాసిన ఉత్తరం మళ్లీ తీసి చదివాను. షాపు దాని చోట అది ఉంది అన్నావు గానీ నువ్వు అందులో ఉన్నావని రాయలేదు.

దాచకుండా రాయి.

విమల


కేసముద్రం
గురువారం

ప్రియమైన విమలా,

విన్సెంట్‌ను తిట్టకు, ఒట్టు వేయించుకున్నది నేనే.

షాపు పోయిన దసరాకే మూసేశాను. ఇప్పుడు అక్కడ సెల్‌ఫోన్లు బాగుచేసే బోర్డు ఉంది. ముందు పిల్లల గౌన్లు పోయాయి, తర్వాత లంగాలు పోయాయి, చివరికి జాకెట్లు కూడా కుట్టినవే పార్శిల్లో రావడం మొదలైంది. ఎవరినీ తిట్టలేను. అత్తమ్మకు నైటీ నేనూ అట్లాగే తెప్పించాను, నా కుట్టు కూలి కన్నా తక్కువకు వస్తుంటే ఏం చేయను? ఆరు నెలలు ఊరికే కూర్చున్నాను. చేతులు ఏం చేయాలో తెలియక పాత చీరలన్నీ బొంతలు కుట్టాను. షెడ్డు తెరిచిన రోజు సారంగపాణి పిలవకముందే పోయి కూర్చున్నాను. మిషన్ల చప్పుడు వింటే కన్నీళ్లు వచ్చాయి విమలా. మళ్లీ పదిమంది మధ్యలో కూర్చుని పని చేయడం ఎంత బాగుంటుందో నీకు చెప్పనక్కరలేదు.

నీకెందుకు చెప్పలేదంటే, తెలిస్తే నువ్వు ఊరుకోవు. నా కోసం పోయి వాళ్లతో కొట్లాడతావు. ఇప్పుడిప్పుడే తేరుకున్న ఇల్లు మీది.

ఇక తప్పు సంగతి. తప్పు నాదే, మిగిలినవాళ్లది కాదు. గుడ్డ తాను, కాగితం నమూనా పంపుతారు. కత్తిరించే పని సారంగపాణి నా చేతిలో పెట్టాడు. నమూనాతో వచ్చిన కాగితమంతా ఇంగ్లీషు, బాణం గుర్తులు. లోపలికి గుడ్డ దాదాపు లేనే లేదు. పాపం, వదలడం మరిచిపోయినట్టున్నారు అనుకున్నాను! తాను మీద నమూనాలను అటూ ఇటూ సర్ది పేర్చి, ఎక్కువ గుడ్డ పట్టకుండానే రెండేసి వేళ్లు మిగిల్చాను. అందరికీ నేనే నేర్పాను. రాజక్క అడిగింది కూడా, "గిట్ల వదుల్తె ఏమనరానే?" అని. "పెరిగే పిల్లల బట్టలక్కా. ఏ దేశమైతే ఏంది, పిల్లలు పెరగరా?" అన్నాను. ఎవరో తల్లి వచ్చే ఏడు ఆ కుట్టు విప్పి గౌను వదులు చేసుకుంటుంది, ఇది ఎవరు కుట్టారో గానీ బుద్ధి ఉన్న మనిషి అనుకుంటుంది అని లోలోపల మురిసిపోయాను కూడా.

నిన్న సారంగపాణి చెప్పాడు, అక్కడ చిన్నదైతే పారేస్తారట, విప్పి కుట్టుకోవడం ఎవరూ ఎరగరట. అత్తమ్మ నమ్మలేదు. "మరి సిన్నపోరికన్న ఎయ్యరా?" అని అడుగుతూనే ఉంది.

ఇప్పుడు నా మాట విను. సంతకం పెట్టు. నా మొహం చూసి తప్పుడు లాట్‌ను సరే అనకు. ప్రీతి ఇంకా చదువు మధ్యలో ఉంది. నువ్వు నా కోసం ఉద్యోగం పోగొట్టుకుంటే నేను ఇక్కడ ఏ మిషన్ మీదా కూర్చోలేను. ఈ నాలుగు నెలలు నాకు పని దొరికింది, అదే పదివేలు. షెడ్డులో అందరికీ నేనే చెప్పుకుంటాను.

నీ శోభ


వరంగల్
శనివారం

శోభా,

సంతకం పెట్టాను. రిజెక్ట్ అనే రాశాను. కొన్నాళ్లు నా దగ్గర నుంచి ఉత్తరం రాకపోతే కోపం తెచ్చుకోకు. ఇంకేమీ అడగకు.

విమల


కేసముద్రం
సద్దుల బతుకమ్మ మర్నాడు

ప్రియమైన విమలా,

నువ్వు రాయకపోయినా నేను రాస్తున్నాను. అడగొద్దన్నావు కాబట్టి ఏమీ అడగను.

షెడ్డుకు తాళం పడింది. రాజక్క పత్తి ఏరడానికి పోతోంది. నా మీద ఎవరూ ఒక్క మాట అనలేదు, అంటే బాగుండేది. నిన్న బతుకమ్మ దగ్గర అందరం కలిశాం. రాజక్క నా పక్కకొచ్చి నిలబడి, "నువ్వు చెడగొట్టాల్నని చేసినవా ఏంది? ఆడు జర" అని నా చేయి పట్టి వలయంలోకి గుంజింది. వాళ్లకు నేను ఏమిచ్చినా సరిపోదు.

నీకు థాంక్స్ చెప్పాలనే ఈ ఉత్తరం. నువ్వు ఆ లాట్‌ను సరే అని ఉంటే, నేను ఇక నీ మొహం చూడలేకపోయేదాన్ని. ఇప్పుడు చూడగలను. దీపావళికి వస్తే చేగోడీలు చేస్తాను. చర్చిలో నా పేరు కూడా ఒకసారి చెప్పు, మా దేవుళ్లకు నేను చెప్పుకుంటున్నాను.

నీ శోభ


వరంగల్
అక్టోబర్ చివరి ఆదివారం

ప్రియమైన శోభా,

నీ ఉత్తరం అందింది. చదివి ఏడ్చాను గానీ జవాబు రాయలేదు. ఏమవుతుందో నాకే తెలియనప్పుడు నీకు ఆశ పెట్టి, తర్వాత లేదని చెప్పడం నా వల్ల కాదనిపించింది.

సంతకం పెట్టిన తర్వాతి సోమవారం బయ్యర్ తరఫు మనిషి తనిఖీకి వచ్చింది. హైదరాబాద్ నుంచి వచ్చిన అమ్మాయి, పేరు శిరీష, మన ప్రీతి కన్నా కొంచెం పెద్దదై ఉంటుంది. రిజెక్ట్ అయిన గౌను ఒకటి తిరగేసి, "ఇవి ఎక్కడ కుట్టారండీ?" అని నన్నే అడిగింది. పక్కన మేనేజర్ సారు ఉన్నాడు. మా లైన్లోనే కుట్టామని చెప్పాలని ఆయన పొద్దున్నే చెప్పి ఉంచాడు. ఎందుకంటే మీ షెడ్డు ఒకటి ఉన్నదని బయ్యర్‌కు తెలియనే తెలియదు శోభా. బయటి షెడ్లకు పని ఇవ్వకూడదని వాళ్ల షరతట.

నిజం చెబితే మొత్తం ఆర్డర్ వెనక్కి తీసుకోవచ్చు. నా లైన్లో అమ్మాయిలంతా రోడ్డున పడతారు, ఆ కళ్లద్దాల పిల్లతో సహా. చెప్పకపోతే ఆ గౌన్లు మీరు కుట్టినట్టు ఎవరికీ తెలియనే తెలియదు. వాళ్లకు మన కేసముద్రం కనపడుతుందా అని మీ అత్తమ్మ అడిగిన మాట అప్పటిదాకా నాకు ముచ్చటగానే ఉండింది, ఆ క్షణం నన్నే అడిగినట్టు అనిపించింది. "కేసముద్రంలో కుట్టారమ్మా" అన్నాను. అక్కడ పనిచేసే ఆడవాళ్లకు కొలతలు ఎవరూ చూపించలేదని, మా కంపెనీ నుంచి ఒక్కరు కూడా పోలేదని, వాళ్లకు ఈఎస్ఐ లేదు, పీఎఫ్ లేదని అన్నీ చెప్పేశాను. మొదలుపెట్టాక ఆగలేదు. ఆ అమ్మాయి అంతా రాసుకుని వెళ్లిపోయింది.

ఆ తర్వాత గడిచిన రోజులు నా శత్రువుకు కూడా వద్దు. సారు మాట్లాడడం మానేశాడు. లైన్లో అమ్మాయిలు కూడా నన్ను చూసి తల తిప్పుకున్నారు, వాళ్ల భయం వాళ్లది. "నిజం చెప్పినవు గదా, ఇగ నిమ్మలంగ పండుకో" అని దానియేలు ఒక్కడే అన్నాడు.

మొన్న శుక్రవారం తేలింది. తమ బట్టలు కుట్టే ప్రతి మనిషీ కంపెనీ ఉద్యోగుల లిస్టులో ఉండాలి, లేకపోతే ఆర్డర్ ఉండదని బయ్యర్ రాశాడు. వేరే రాష్ట్రం యూనిట్ రేటు ఎక్కువ అడిగిందట. చివరికి మీ షెడ్డునే కంపెనీ బ్రాంచి చేశారు. ఇంతకుముందు అక్కడ పనిచేసినవాళ్లనే తీసుకుంటారు, కొత్త చేరిక కాదు కాబట్టి వయసు అడ్డం రాదు. నీకు, రాజక్కకు, అందరికీ ఈఎస్ఐ, పీఎఫ్. పాత గౌన్లలో ఎక్కువున్న గుడ్డ కత్తిరించి సరిచేసి ఇస్తే వాటి కూలి కూడా ఇస్తారు.

అంతా చక్కబడిపోయిందని చెప్పను. ఇది వేసవి దాకానే, పని చూసి తర్వాత సంగతి అన్నారు. ఇట్లాంటి షెడ్లు వేరే కంపెనీలకు ఇంకా ఎన్ని ఉన్నాయో, వాటిని ఎవరూ అడగలేదు. రేపు ఇంకో దేశంలో చవకగా కుడతామంటే ఈ గౌన్లు అక్కడికి పోతాయి. అయినా దొరికినదానికి దేవునికి స్తోత్రం చెప్పకుండా ఉండలేను.

సారు నన్ను పిలిచి, "గంత ప్రేమ ఉంటె మీరే పొయ్యి సూస్కోన్రి" అన్నాడు. ఇన్‌చార్జి అలవెన్స్ తీసేశారు, కంపెనీ బస్సు లేదు, రోజూ ప్యాసింజర్ బండిలో కేసముద్రం పోయి మీకు పని నేర్పాలి. ఆయన దృష్టిలో అది శిక్ష. నేను తల వంచుకుని బయటికొచ్చి, మెట్ల మీద కూర్చుని, చెంగు నోట్లో కుక్కుకుని నవ్వాను.

శోభా, ఇన్నేళ్లలో నీకు థాంక్స్ అని ఎదురుగా ఒక్కసారి కూడా అనలేదు. చెప్పబోతే నవ్వో ఏడుపో వచ్చి సగంలో ఆగిపోతాను. అందుకే కాగితం మీద పెడుతున్నాను. కష్టంలో ఉండి కూడా నా ఇంటి గురించి ఆలోచించి నోరు మూసుకున్నావు. నీ పని పోతుందని తెలిసి కూడా సంతకం పెట్టమన్నావు. నీ లాంటి మనిషి నాకు స్నేహితురాలు కావడం కన్నా పెద్ద దీవెన దేవుడు నాకు ఇవ్వలేదు.

ఈ ఉత్తరం విన్సెంట్ తేవడం లేదు. రేపు షెడ్డు తాళం తీస్తారు, రమ్మని సారంగపాణి మీ అందరికీ చెప్పే ఉంటాడు. పొద్దున్నే అక్కడికి వచ్చి నేనే నీ చేతిలో పెడతాను. అక్కడే, నా ముందే చదువు. చదివేటప్పుడు నా మొహం చూడకు. చదివాక ఏమీ అనకు, మేడం అని అసలే అనకు. కొంచెం జరిగి, నాకు చోటివ్వు.

నీ
విమల